పద్మినికి పడ్డ ఒక్క ఓటు

గవరమ్మకి బుద్ధుండాలి! కూతురు కళ్యాణి నెత్తి మీద చెయ్యి పెట్టి, ఓటు సత్యారావుకే వేస్తానని ఒట్టేసింది. కళ్యాణికి పంచాయతీలో దినకూలీ పని పెట్టించింది ఆ వార్డు మెంబరు సత్యారావే. మూణ్ణెల్లకోసారి ఆయన తలూపితేనే మళ్లీ పని. అన్నీ తెలిసి కూడా బూత్‌లోకెళ్లి, మూడో పార్టీ తరఫున నిలబడ్డ పద్మినికి గుద్దేసి వచ్చింది.

కాలవ చేసిన పని ఇది. ఇంటి ముందు కాలవ దాటబోయి గవరమ్మ మొగుడు జారిపడ్డాడు, తుంటి విరిగింది. సత్యారావూ, అవతలి పార్టీ భాస్కరరావూ పదేళ్లుగా వంతెన వేయిస్తామంటూనే ఉన్నారు. సిప్పీఘాట్‌లో ట్యూషన్లు చెప్పుకునే పద్మిని మాత్రం రెండు పోకమానులు తెప్పించి, చీర ఎగ్గట్టి, తనే కాలవకి అడ్డంగా వేసింది.

"గెలవనని తెలుసు పిన్నీ. నీ ఓటు ఒక్కటి పడినా చాలు, నేను నిలబడ్డందుకు ఫలితం దక్కినట్టే," అంది.

గవరమ్మ మనసు కరిగిపోయింది. ఒక్క ఓటుకి ఏం కొంప మునుగుద్దిలే అనుకుంది.

మునిగింది. సత్యారావుకి రెండొందల పన్నెండు, భాస్కరరావుకీ అంతే. పద్మినికి ఒకటి. చీటీ తీస్తే భాస్కరరావు పేరొచ్చింది. కళ్యాణి పని అప్పుడే ఆయన మేనకోడలికి వెళ్లిపోయింది.

సత్యారావు పద్మినిని వాకిట్లోకి పిలిపించాడు. వార్డంతా అక్కడే ఉంది.

"క్యా పద్మినీ, నీకు నువ్వే వేసుకుని నన్ను ముంచావు కదే!"

"నాది కాదు భయ్యా! నా పిల్లల మీద ఒట్టు. గెలవనిదానికి ఓటెందుకు పాడుచేసుకోవాలని మీకే వేశాను. మా ఆయనా మీకే. నాకేసిన ఆ పిచ్చోళ్లెవరో నాకేం తెలుసు?"

జనం గొల్లున నవ్వారు. గవరమ్మ పద్మినికేసి చూసింది. దీని కోసమా తను కూతురి తల మీద ఒట్టు తప్పింది!

"ఆ ఓటేసిన చెయ్యి పడిపోవాలి!" కళ్యాణి ఏడుస్తూ మట్టి తీసి విసిరింది. "అలా నిలబడ్డావేంటమ్మా, నువ్వూ తిట్టు!"

అందరూ ఇటు తిరిగారు. తన వేలి మీదున్నదీ అందరి వేళ్లకీ ఉన్న సిరా మచ్చే, అయినా గవరమ్మ ఆ చేతిని కొంగులో దాచుకుంది.

"పడిపోవాలి," అంది.

"వినపడలేదు," అన్నాడు సత్యారావు.

గవరమ్మ ఈసారి గట్టిగా అంది.