మంజీర మీద వేసిన బరువు

నేను ఒక సీసపు పలకను. అరకిలో బరువు, అరచేతిలో ఇమిడేంత ఒళ్ళు. మెరుపూ లేదు, కొడితే మోతా లేదు. ‘ఇదేం ఘనకార్యం చేసుంటుందిలే’ అనుకుంటున్నారు కదూ? అనుకోండి, నాకేం. పరుగు పందేల్లో గెలిచే గుర్రాలను ఆపడానికి మనుషులు ఏరికోరి చేయించుకున్న వస్తువును నేను. విర్రవీగడానికి నాకంతకంటే ఏం కావాలి!

పుట్టుక గురించి మాత్రం అడక్కండి. హైదరాబాదులో ఒక ఇరుకు సందులో, పాత లారీ బ్యాటరీలు కరిగించే కొలిమి పక్కన పుట్టాను. చల్లారీ చల్లారకముందే జాకబ్ అనే ట్రైనర్ నన్నూ నా తోబుట్టువులనూ ఒక చెక్కపెట్టెలో వేసుకుని మలక్‌పేట రేసుకోర్సుకు తీసుకొచ్చాడు. గుర్రం వాసన మొదటిసారి తగిలింది అక్కడే.

అక్కడి న్యాయం వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. గుర్రం గెలిచిందా, చప్పట్లు కొడతారు, మెడలో దండ వేస్తారు, ఫొటోలు దిగుతారు. అంతా అయ్యాక, వచ్చే పందెంలో దాని వీపు మీద ఇంకాస్త బరువు వేస్తారు. మళ్ళీ గెలిస్తే ఇంకాస్త. ఓడినవాటికి తగ్గిస్తారు. అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటాలని వాళ్ళ ముచ్చట. బళ్ళో ఫస్టు వచ్చిన పిల్ల సంచీలో ఇటుకలు పెట్టి, రేపు కూడా ఫస్టు రా చూద్దాం అన్నట్టు. ఆ ఇటుకలమే మేము. జాకీ ఒంటి బరువు, జీను బరువు పోగా తక్కువైన మేరకు మమ్మల్ని జీను కింద గుడ్డతో కుట్టిన అరల్లో దోపుతారు. పందెం ముందు ఒకసారి, పందెం అయ్యాక ఒకసారి జాకీని జీనుతో సహా తూకం వేస్తారు. రెండోసారి బరువు తగ్గిందా, గెలిచిన గుర్రమైనా గెలవనట్టే.

అలా నేను ఎన్ని గుర్రాల పొగరు అణిచానో! ముందు పందెంలో గాలిలా పోయినవి, నన్ను ఎక్కించుకున్నాక చివరి మలుపులో నాలుక బయటపెట్టేవి. నాకు భలే సరదాగా ఉండేది. అలాంటి నా పాల పడింది మంజీర.

మంజీర వనజమ్మగారి ఆడగుర్రం. వనజమ్మకు శంకరపల్లి దారిలో గుర్రాలను ఈనించి పెంచే తోట ఉంది. గుర్రాలన్నిటికీ నదుల పేర్లే పెడుతుంది. మంజీర తల్లి పేరు మున్నేరు. మున్నేరు పుట్టిన రోజే దాని తల్లి పోతే, వనజమ్మే సీసాతో పాలు పట్టి బతికించింది. అందుకే ఆమెకు ఆ గుర్రమంటే ప్రాణం. కానీ స్టాండుల్లో కూర్చునే పెద్దమనుషులకు మున్నేరు పేరెత్తితే నవ్వు. “మున్నేరు పిల్లలా? ఉత్త వీపుతోని మస్తు ఉరుకుతయి. జర బరువు వేసిన్రో, కూలబడతయి” అనేవాళ్ళు. నిజం చెప్పాలంటే, మంజీర అన్నలిద్దరినీ అలా కూలబెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. కూలబెట్టడం నా వృత్తి. దానికి నేనేమీ సిగ్గుపడను.

మంజీర వచ్చీరాగానే గెలిచింది. బరువు వేశారు. మళ్ళీ గెలిచింది. మరికాస్త వేశారు. మళ్ళీ! చివరికి నన్ను కూడా దోపారు. ఇక దీని పని అయిపోయిందనుకుని నేను హాయిగా సర్దుకుని కూర్చున్నాను. గేటు తెరుచుకోవడమే తడవు, ఆ పిల్ల నన్నొక ఈగను మోసినట్టు మోసుకుపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత మరో రెండు పందేలు అలాగే అయ్యేసరికి మంట చల్లారి, ఏమిటో కొత్తగా ఉండేది. అది మా మీద గెలుస్తుంటే నాకు గర్వం పుట్టుకొచ్చేది. నాకే అర్థం కాలేదనుకోండి.

వానాకాలపు పందేల్లో ఆఖరిది పెద్ద కప్పు. ఆ రోజు అన్ని గుర్రాలకంటే ఎక్కువ బరువు మంజీరకే పడింది. జాకీ సైదులు నల్గొండ వాడు, పిట్టంత మనిషి. అతను తేలికైన కొద్దీ మేము ఎక్కువ కావాలి. అరలన్నీ నిండిపోయి, కొస అరలో నన్ను కుక్కారు. జాకబ్ జీను బిగిస్తుండగా వనజమ్మ, ఆమె అన్న మాణిక్ రెడ్డి వచ్చి పక్కనే నిలబడ్డారు. తోటలో ఇద్దరికీ చెరిసగం.

“చెల్లె, అనుకున్నది యాదికుంది గద? ఇయాల ఇది కూడా అన్నల లెక్క బరువుకు కూలబడి ఓడితే తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ అమ్ముడే. మున్నేరు కోసం బరాత్ గుర్రాలోడు రేపు పొద్దుగాలనే వస్తనన్నడు” అన్నాడు మాణిక్ రెడ్డి.

“పెండ్లి బరాత్‌ల నా మున్నేరా? పటాకులు పేలుతుంటే, బ్యాండు మోగుతుంటే, అది తట్టుకుంటదా అన్నా? చిన్న ఉరుముకే వణుకుతది.”

“మరి పనికిరాని దాన్ని ఎన్నేండ్లు మేపుతం?”

వనజమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “సరే. గెలిస్తే మాత్రం, మున్నేరు కడుపున పుట్టిన ఒక్క పిల్ల జోలికి కూడా నువ్వు రావొద్దు.”

“గెలిస్తే నేనే గడ్డి కోసి మేపుత, పో!”

నేను జీను కింద బిగుసుకుపోయాను. అప్పటిదాకా నాకు గుర్రాలే తెలుసు గానీ, నా బరువు ఇంకెవరి గుండెల మీద పడుతోందో తెలియదు.

పందెం మొదలైంది. నేల తడిగా ఉంది, బురద ఎగిరి పడుతోంది. మంజీర తొందరపడలేదు. గుంపు మధ్యలో చెవులు నిక్కబొడుచుకుని, నాకంతా తెలుసులే అన్నట్టు పరుగెత్తింది. చివరి మలుపు దగ్గర ఒక నల్లగుర్రం అదుపు తప్పి మంజీరను రాసుకుంది. దాని జాకీ కాలు పెట్టుకునే రికాబు తగులుకుని నా అర పర్రున చిరిగింది. నేను సగం బయటికొచ్చాను.

అయ్యో దేవుడా! అప్పుడు గానీ నా తలకెక్కలేదు. నేను పడిపోతే మంజీరకు బరువు తగ్గుతుంది, ఇంకా సులువుగా గెలుస్తుంది. కానీ తూకం దగ్గర ముల్లు కిందికి దిగి కప్పు పోతుంది. పొద్దున్నే బరాత్ వాడు వస్తాడు. జీవితమంతా గుర్రాలకు నేను భారమైతేనే కదా నా గొప్ప, ఈ ఒక్క రోజు నన్ను వదలొద్దురా నాయనా అని మొక్కుకున్నాను. మొక్కుకున్నా ఏం లాభం, చేతులా కాళ్ళా పట్టుకోవడానికి? జారిపోయాను.

సైదులు చూశాడు. కుడిచేతిలో కొరడా ఉంది. ఒక్క క్షణం ఆలోచించాడో లేదో, కొరడాను బురదలోకి విసిరేసి, గాలిలో ఉన్న నన్ను ఒడిసి పట్టుకున్నాడు. కళ్ళెంతో కలిపి పిడికిట్లో బిగించాడు. నా అంచు అతని అరచేతిని కోసింది, నెత్తురు వచ్చింది. అయినా పిడికిలి సడలలేదు.

స్టాండుల్లో వాళ్ళకు ఇదంతా ఏం కనిపిస్తుంది? గెలుపు ముంగిట జాకీ కొరడా పారేయడం కనిపించింది. ఇంకేముంది!

“అమ్ముడుపోయిండురో! కావాలని ఓడగొడ్తున్నడు!”

“దొంగ! గుంజి పారేయండి వాన్ని!”

చెప్పులు చేతబట్టుకుని కంచెదాకా వచ్చారు. పాపం సైదులు అవేవీ వినలేదు. మంజీర మెడ మీదికి వంగి, “పోదాం పా బిడ్డా, పోదాం పా. కొట్టను, నిన్ను కొట్టను” అన్నాడు. కొరడా దెబ్బకు కూడా రాని ఊపు ఆ మాటకు వచ్చింది. దాని వెన్ను సాగింది. అందరికంటే ఎక్కువ బరువుతో, బురదలో, కొరడా లేకుండా, ఒక్కొక్క గుర్రాన్నీ దాటుకుంటూ పోయింది. నల్లగుర్రం చివరిదాకా పక్కనే ఉంది. గీత దగ్గర మంజీర తల ముందుంది. అంతే, తలంత తేడా!

జనం తిట్టాలో మెచ్చాలో తెలియక నోరు తెరుచుకుని నిలబడ్డారు.

తూకం గదిలో నల్లగుర్రం యజమాని అప్పటికే అడ్డం తిరిగాడు. “అరల ఉండాల్సిన సీసం చేతిల పట్టుకొస్తే ఎట్ల చెల్లుతది?” అని గొంతు చించుకున్నాడు. వనజమ్మ గోడకానుకుని నిలబడింది. తూకం చూసే ముసలాయన కళ్ళద్దాలు సర్దుకుని, “బరువు గుర్రం మోసిందా, మొయ్యలేదా? నేలకైతే తాకలే గద? ఎక్కు బాబూ” అన్నాడు.

సైదులు జీను భుజాన వేసుకుని ఎక్కాడు. పిడికిలి విప్పాడు. నెత్తుటి అరచేతిలో నేను బుద్ధిగా పడుకున్నాను. నా బతుకులో అంత బరువుగా ఉండాలని నేనెప్పుడూ కోరుకోలేదు. ముల్లు ఊగింది, ఊగింది, సరిగ్గా ఆగాల్సిన చోట ఆగింది.

వనజమ్మ పరుగున బయటికెళ్ళి మంజీర మెడను కావలించుకుని భోరున ఏడ్చింది. బురదంతా చీరకు అంటుకున్నా పట్టించుకోలేదు. సైదులును బూతులు తిట్టిన వాళ్ళే అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. మనుషుల సంగతి నాకు తెలియనిదా!

సైదులు నన్ను జాకబ్ పెట్టెలో తిరిగి వేయలేదు. జాకబ్‌ను అడిగి తీసుకుని వనజమ్మ చేతిలో పెట్టాడు. అప్పటినుంచి తోటలోని ఆఫీసు గదిలో, కిటికీ పక్క బల్ల మీద, కాగితాలు ఎగిరిపోకుండా కూర్చుంటున్నాను. పని తేలిక, గాలి మంచిది.

మంజీర ఆ తర్వాత ఏడాదికి పందేలు మాని తోటకు వచ్చింది. తొలి కాన్పు మగపిల్ల, పుట్టిన గంటకే తోటంతా చిందర వందర చేసింది. రెండో ఏడు మరొకటి, ఆపైన ఇంకొకటి. వాటి తండ్రుల పేర్లు చెప్పి గొప్పలు పోయేవాళ్ళు వస్తే, మాణిక్ రెడ్డి మధ్యలో అందుకుని “తల్లి ఎవరో అడుగుండ్రి ముందు” అంటాడు. మాట మీద నిలబడ్డాడు మహానుభావుడు. రోజూ పొద్దున్నే గడ్డి తనే కోసుకొస్తాడు. మున్నేరు ఈ తోటలోనే, మనవల మధ్యే ముసలిదై, వనజమ్మ ఒళ్ళో తల పెట్టుకుని కన్నుమూసింది. ఆ రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది మాణిక్ రెడ్డే.

మంజీర కడపటి కూతురు డిండి. ఇప్పుడు అది మలక్‌పేటలో ఉరుకుతోంది. మొన్న వానాకాలపు పెద్ద కప్పుకు ఏ గుర్రానికెంత బరువో ప్రకటించారు. పక్క తోటల వాళ్ళు తమ గుర్రాలకు బరువు పెరిగిందని తలలు పట్టుకున్నారట. మా ఆఫీసులో ఫోను మోగింది. మాణిక్ రెడ్డి ఎత్తాడు, విన్నాడు, రిసీవరు వేలాడుతూ ఉండగానే ఆవరణలోకి ఉరికాడు.

“చెల్లె! ఓ చెల్లె! మన డిండికే వేసిన్రే! అందరికంటే ఎక్కువ బరువు మన పిల్లకే వేసిన్రు!”

వనజమ్మ మిఠాయి తెప్పించి తోటంతా పంచింది. మంజీరకు బెల్లం ముక్క పెట్టి, దాని చెవిలో ఆ కబురు తనే చెప్పింది. నేను బల్ల మీదినుంచి చూస్తూ, మలక్‌పేట పెట్టెలో డిండి కోసం సిద్ధమవుతున్న నా తోబుట్టువులను తలుచుకున్నాను. పాపం, వాళ్ళ మీద జాలేసింది.