పదికి నాలుగు

ముప్పై రెండేళ్లు ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డ మోకాళ్లు నావి. ఒకరోజు ఇక మా వల్ల కాదన్నాయి. ఆసుపత్రిలో ఓ చిన్న డాక్టరమ్మ, ఏదో అడవి తీగ ఆకుల సారం నొప్పికి పనిచేస్తుందేమోనని పరీక్ష చేస్తోంది. ఇంకా అంగట్లోకి రాని మందు. సంతకం రాదంటే వేలిముద్ర వేయించుకుని నన్నూ చేర్చుకుంది.

ప్రతి మంగళవారం ఒకటే ప్రశ్న. “బామ్మగారూ, నొప్పి పదికి ఎంత?”

మొదటి వారం ఎనిమిదన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు, కళ్ల కింద నల్లటి చారలు. రెండో వారమూ నొప్పి అంతే ఉంది, కానీ నోరు రాక ఆరన్నాను. ఎంత సంబరపడిందో! మూడో వారం నాలుగన్నాను. ఒక అంకె, అంతే కదా, పోయేదేముంది అనుకున్నాను.

పోయేది నాది కాదు, మా చెల్లెలిది.

అది మూడేళ్ల కిందట మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గాని నొప్పి బిళ్లలు దాన్ని వదల్లేదు. దారపు ఉండల డబ్బాలో దాచుకుని పూటకు రెండు మింగేది. నా నాలుగు సంగతి విని లేచి కూర్చుంది.

“అక్కా, నా బిళ్లలు కూడా గసగసాల మొక్కలోంచే పుట్టాయట. ముల్లును ముల్లుతోనే తీయాలి. నాకూ నీ ఆకు మందే కావాలి.”

“నీకెవరిస్తారే? బిళ్లలు మింగేవాళ్లని చేర్చుకోరు.”

“మింగనులే! నీకు నాలుగైతే నాకు మూడన్నా కాదా? నీకంటే నేనెప్పుడూ గట్టిదాన్నే.”

అప్పుడైనా చెప్పాల్సింది. నవ్వి ఊరుకున్నాను. ఆ సాయంత్రమే బిళ్లలన్నీ మరుగుదొడ్లో పోసి నీళ్లు కొట్టేసింది.

రెండో రోజుకి చెమటలు, వణుకు, వాంతులు. మూడో రోజు మంచం పట్టె పట్టుకుని, “మంగళవారం ఎప్పుడే?” అంది. నా చేతులు దాని ఒళ్లు తుడుస్తున్నాయి. నేను మాత్రం గోడకి అవతలెక్కడో ఉన్నట్టుంది.

నాలుగో రోజు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాను.

“అమ్మా, నా అంకెలు అబద్ధం. అన్ని వారాలూ ఎనిమిదే.”

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. “ఎందుకలా చెప్పారు?”

“నువ్వు చిన్నబుచ్చుకుంటావని.”

కోప్పడలేదు. ఆ రెండు అంకెలకీ అడ్డంగా గీత గీసి, పక్కన ఎనిమిది వేసి, నా వేలిముద్ర తీసుకుంది. చెల్లెలి సంగతి చెప్పాక మాత్రం కుర్చీలోంచి లేచింది.

“ఒక్కసారిగా మానేసిందా? మూడేళ్ల అలవాటు బామ్మగారూ! మేం దగ్గరుండి మెల్లగా తగ్గించాలి. ఆ ఆకు పనిచేస్తుందో లేదో మాకే ఇంకా తెలీదు. ఆవిణ్ణి ఇప్పుడే తీసుకురండి.”

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. చెల్లెలు మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది.

“నీది మొహమాటం. నాది ప్రాణం” అంది.

చెప్పులేసుకుంది. బండిలో నాకు ఎడంగా జరిగి కూర్చుంది. ఆసుపత్రిలో దాన్ని లోపలి గదికి తీసుకెళ్లారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఏడుపొస్తే బాగుండుననిపించింది. రాలేదు. మోకాళ్లున్న సంగతి కూడా తెలియలేదు.

గంట తర్వాత తలుపు తెరుచుకుంది. చెల్లెలు గుమ్మం పట్టుకుని నిలబడింది.

“వారం ఉంచుతారట. ఇంటికెళ్లి దుప్పటి పట్రా. నాది. నీది కాదు.”

లేచాను.