కోటిసార్లు అమ్మిన చేప

ఆట ధర ఆరువేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది రూపాయలని కంపెనీ ప్రకటించిన రోజున మా అమ్మ ఎండు నెత్తళ్ళ చేపలు చేటలో పోసుకుని ఇసక చెరుగుతోంది. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఫోన్లో వార్త చదివి ధర చెప్పాను. చేట ఆగింది.

"ఆరేలా? ఏ సేపే? వంజరమేటి?"

"సేప కాదమ్మా. వీడియో ఆట. నాను సేపలు సేసినాను సూడు, అది."

"అయి ఒండుకోడానికొస్తాయా?"

"రావు."

"ఎండబెట్టుకోడానికి?"

"రావమ్మా."

"మరి ఆరేలెందుకే?"

నా పేరు కుసుమకుమారి. భోగాపురం దగ్గర తీరంలో పుట్టి పెరిగాను. మూడేళ్ళపాటు విజయనగరంలో ఒక ఇనప సామాన్ల కొట్టు పై అంతస్తులో కూర్చుని కంప్యూటర్లో చేపలు చేశాను. విదేశంలో ఒక పెద్ద కంపెనీ సముద్రం మీద ఆట తయారుచేస్తూ, చేపల పని ఇంకో కంపెనీకి ఇచ్చింది. అది బెంగుళూరులో మరో కంపెనీకి ఇచ్చింది. వాళ్ళు మా యజమాని రమేష్‌బాబు గారికి ఇచ్చారు. ఆయన నాకిచ్చారు. డబ్బు మాత్రం ప్రతి మజిలీలోనూ కాస్త కాస్త దిగిపోయి, నా దగ్గరికి వచ్చేసరికి నెలకి పదమూడు వేలైంది. చేపలు మాత్రం ఎక్కడా దిగలేదు. అరవై ఒక్క రకాలూ నా నెత్తినే పడ్డాయి.

వాటిని ఎలా చేయాలో నాకు నేర్పింది ఏ కాలేజీ కాదు, మా అమ్మ. ఆవిడకి అక్షరం ముక్క రాదు. కానీ మొప్ప ఎత్తి చూసిందంటే ఆ చేప ఎన్ని గంటల కిందట చచ్చిందో చెప్పేస్తుంది. పడవ దిగినప్పుడు మొప్ప నెత్తురులా ఉంటుంది. మధ్యాహ్నానికి ఇటుక రంగు, సాయంత్రానికి మట్టి రంగు. నా చేపలకి అదే పెట్టాను. ఆటలో ఒక చేపల బజారుంది. అక్కడ పొద్దు వాలేకొద్దీ మొప్పల రంగు మారుతుంది. అలా చేయమని నన్నెవరూ అడగలేదు. ఎర్ర మొప్పతో సాయంత్రం చేపని చూపిస్తే మా అమ్మ నా మొహాన ఉమ్మేస్తుందని భయపడి చేశాను.

ధర ఎందుకు పెంచారో ఆ పెద్ద కంపెనీ అధిపతి వీడియోలో చెప్పాడు. ఆటల తయారీ ఖర్చు ఆకాశాన్నంటుతోందట. గుండెల మీద చెయ్యి వేసుకుని, ఒక్కో చేప వెనక వంద గంటల మనిషి శ్రమ ఉందన్నాడు. గంటలు లెక్కపెట్టాడు గాని మనిషి ఎవరో చెప్పలేదు. ఆ ముక్క అమ్మకి విప్పి చెప్పాను.

"ఎంతమందికి అమ్ముతాడే?"

"కోటిమందికి."

"కోటి సేపలు సేసినావా?"

"రకానికొకటే సేసినానమ్మా. దాన్నే కోటిమందికీ అమ్ముతాడు."

"అమ్మినాక?"

"ఆడికాడే ఉంటాది."

అమ్మ చేట కింద పెట్టేసింది. "కుళ్ళదా?"

"కుళ్ళదు."

"ఐసో?"

"అక్కర్నేదు."

"ఐసు నేదు, కుళ్ళు నేదు, అమ్మినా తరగదు. ఇంక కర్సులని ఏడుపేటే ఆ ముండాకొడుక్కి?"

ఈ ప్రశ్నకి జవాబు నేను ఇంగ్లీషు పత్రికల్లో కూడా వెతికాను. దొరకలేదు.

ఖర్చు పెరగలేదని నేననను. పెరిగింది. ప్రకటనలకి పెరిగింది. ఆట పేరు పెట్టడానికి ఒక సంస్థనీ, ఆ పేరు బాగుందో లేదో చెప్పడానికి ఇంకో సంస్థనీ పెట్టుకున్నారు. విడుదల పండక్కి ఓడ అద్దెకి తీసుకున్నారు. ఇలా పెరిగిన ఖర్చు తగ్గించడానికి చివరికి విజయనగరం ఇనప కొట్టు మేడ మీద పదకొండు మందిని తీసేశారు. అందులో నేనొకదాన్ని. అప్పటికి విడుదలకి ఇంకా రెండు నెలలుంది.

"ఏం చేస్తామమ్మా, ఖర్చులు" అన్నారు రమేష్‌బాబు గారు, కొత్త కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ. "మీ పేర్లు మాత్రం ఆట చివర్లో వేయిస్తాను. అది నా పూచీ."

ఆ పేరు మీదే నా బతుకు వేలాడుతోంది. విశాఖపట్నంలో ఒక ఆటల కంపెనీ నాకు పరీక్ష పెట్టింది, నెగ్గాను. అక్కడ ఉద్యోగాలిచ్చే అనిత గారు ఒక్కటే అడిగారు. "ఆ చేపలు మీరే చేశారనడానికి రుజువేది? ఆట చివర మీ పేరు వచ్చినప్పుడు ఫొటో తీసి పంపండి. వెంటనే చేరిపోవచ్చు." జీతం ముప్పై వేలు.

అంటే నా పేరు చూడాలంటే ముందు ఆట కొనాలి. నేను చేసిన చేపని నేనే ఏడువేలు పోసి కొనుక్కోవాలి. అదీ వేట లేని రోజుల్లో.

ఆ చిక్కు విడదీసింది మా మావ అప్పలసూరి, అమ్మ తమ్ముడు. మా దగ్గర పెద్ద వల ఎవరూ ఒంటరిగా కొనరు. వాటాలు వేసుకుంటారు. "ఇదీ అంతే. తలా అయిదొందలు, పద్నాలుగు వాటాలు" అన్నాడు. మా పిల్ల పేరు సముద్రాలవతల వాళ్ళ ఆటలో పడుతుందంటే వీధిలో వాటా కాదన్నవాడు లేడు. ఏడువేలు పోగయ్యాయి. ఆట పోగా ఒక్క రూపాయి మిగిలింది. ఆ రూపాయి ఏ వాటాదని గంటసేపు కొట్టుకున్నారు. చివరికి దానితో చాక్లెట్టు కొని గిరిబాబుకి ఇచ్చారు.

గిరిబాబుది పక్క ఊరు, వ్యవసాయదారుల ఇల్లు. విమానాశ్రయానికి భూమిచ్చి, వచ్చిన డబ్బులో కొంత పెట్టి వీడియో ఆటలాడే యంత్రాన్నీ, గోడంత టీవీనీ కొనుక్కున్నాడు. మంచివాడు. మాకోసం తన హాలు ఖాళీ చేసి చాపలు వేయించాడు.

ఆట నెట్‌లోంచి యంత్రంలోకి దిగడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం వాటాదారులందరూ స్నానాలు చేసి వచ్చి కూర్చున్నారు. సముద్రం వచ్చింది, పడవ వచ్చింది. అందరూ ఈలలు వేశారు. గిరిబాబు వల వెయ్యబోతే తెర మీద ఏదో రాత పడింది. చదివి గొంతు సవరించుకున్నాడు.

"మంచి వల కావాలంటే ఇంకో తొమ్మిదొందలు కట్టాలట మావా."

అప్పలసూరి లేచి నిలబడ్డాడు. "ఏడేలు దొబ్బి వల నేకండా పడవమ్మినాడా? ఆణ్ణి మా ఒడ్డుకి రమ్మను. తెడ్డుతో సెప్తాను."

"మనకి వలెందుకు మావా? పేర్లు సూద్దాం" అన్నాను. ఆట ఆడకుండానే పేర్లు చూసే వీలుంది. గిరిబాబు నొక్కాడు.

నల్లటి తెర మీద తెల్లటి పేర్లు కింద నుంచి పైకి పాకడం మొదలెట్టాయి. ముందు అధిపతి. తర్వాత ఉపాధిపతులు, వాళ్ళ సహాయకులు, ఆ సహాయకులకి సహాయకులు. వకీళ్ళు ఒక పెద్ద గుంపు. గిరిబాబు ఒక్కో శాఖ పేరూ తెలుగు చేసి చెబుతున్నాడు. ధరలు నిర్ణయించే శాఖ దగ్గర అమ్మ ఆపమంది.

"ఎంతమందున్నారు బాబూ?"

"ముప్పై ఒక్కరు అత్తా."

"ధర సెప్పడానికి ముప్పై ఒక్కడా? గంప దించకండానే నానొక్కద్దాన్ని సెప్తాను గదా!"

హాలు గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. నలభై నిమిషాలు గడిచాయి. చేపల శాఖ వచ్చింది. తొమ్మిది పేర్లు.

"ఈల్లేనా సేపలు సేసినోల్లు?" అంది అమ్మ.

"సేసినోల్లని పైనుంచి సూసినోల్లమ్మా."

"నిన్ను సూసినారా?"

"ఎప్పుడూ నేదు."

తర్వాత విజయనగరం అన్న మాట వచ్చింది. తెర దగ్గరికి జరిగాను. దాని కింద ఒకే ఒక్క పేరు. రమేష్‌బాబు. ఆ పేరు మెల్లగా పైకి పాకి తెర దాటి పోయింది. దాని వెనక నా పేరు లేదు, పదకొండు మందిలో ఎవరి పేరూ లేదు. ఇంక ఎక్కడా ఉండదని నాకు తెలిసిపోయింది.

చివరి వరుసలు వస్తున్నాయి. పద్నాలుగు వాటాలూ నా మొహంకేసి చూస్తున్నాయి. వేట లేని నెలలో అయిదేసి వందలు ఇచ్చినవాళ్ళు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏదే? ఏదే నీ పేరు?"

నేను వేలు చూపించాను. ఏ వరుసో కూడా చూడలేదు. "అదిగో."

గిరిబాబు టక్కున ఆపాడు. తెరని చూశాడు. నన్ను చూశాడు. నేనూ అప్పుడే చదివాను. అది వాళ్ళ ఆఫీసు పెంపుడు కుక్క పేరు. బిస్కట్. ఆనంద శాఖ ముఖ్య అధికారి అని దానికి సరదాగా హోదా కూడా ఇచ్చారు. పక్కన చిన్న పాదం గుర్తు.

"కుసుమకుమారి" అని పైకి చదివాడు గిరిబాబు. "సేపలు."

హాలంతా చప్పట్లు. వాటాదారుల్లో పెద్దవాడు జోగయ్య తాత కళ్ళు తుడుచుకున్నాడు. మా మావ తన ఫోన్‌తో ఫొటో తీశాడు. ఆ పాదం గుర్తేమిటని ఎవరో అడిగితే, సంతకం అన్నాడు గిరిబాబు. వాడి మేలు ఈ జన్మకి మర్చిపోలేను. సిగ్గుతో నా ఒళ్ళంతా కాలిపోయింది.

రేపు నెమ్మదిగా అమ్మకి నిజం చెబుదామనుకున్నాను. మర్నాడు నేను నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి మావా, అమ్మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. మావ చేతిలో ఫోన్‌ గట్టిగా మాట్లాడుతోంది. నా దగ్గరున్న కాగితం మీద నంబరు చూసి, నాకు శ్రమ లేకుండా ఫొటో వాళ్ళే అనిత గారికి పంపేశారు. ఆవిడ ఫోన్ చేశారు.

"అమ్మా, ఇది మీ అమ్మాయి పేరు కాదండి."

"అదే తల్లీ. కుసుమకుమారి. సేపలు."

"కాదమ్మా. ఇది… ఇది కుక్క పేరు."

బిందె దించకుండా అలాగే నిలబడిపోయాను. అమ్మ నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడకి అంతే చాలు. మళ్ళీ ఫోన్ వైపు తిరిగింది.

"సరే. పేరు నేదు. ఆటలో బజారున్నాదంట గదా, అందులో సాయంత్రం ఏలకి సేప మొప్ప ఏ రంగులో ఉంటాది?"

"మట్టి రంగమ్మా. దాని గురించి అందరూ మెచ్చుకుంటున్నారు. బహుమతి కూడా వచ్చింది."

"ఆ తొమ్మండుగురిలో ఎవుడికి తెలుసు ఆ సంగతి? ఎవుడి తల్లి సేపలమ్మినాది?"

"మీరు చెప్పేది నమ్ముతానమ్మా. కానీ మా పైవాళ్ళకి కాగితం మీద పేరు కావాలి. లేకపోతే నేనేం చేయలేను." పెట్టేశారు.

మావ లేచి మెల్లగా జారుకున్నాడు. అమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నాకు అబద్దం సెప్పినావని కాదే" అంది. "ఆడు నా కూతుర్ని తెచ్చి కుక్క పేరెనకాల దాచీసినాడు. అదీ నా బాద." అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బిందె దించేసి ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చాను.

తర్వాత వారం కంపెనీ మూడు నెలల లెక్కలు చెప్పింది. పుట్టిన దగ్గర్నుంచీ ఇంత లాభం ఎప్పుడూ రాలేదట. ఆ మర్నాడే రమేష్‌బాబు గారి ఫోను. అమ్మ లాక్కుని స్పీకరు నొక్కింది.

"రెండో భాగం వస్తోందమ్మా కుసుమా! మొప్పలు నువ్వే చేయాలి. కాకపోతే ఖర్చులు బాగా పెరిగాయి గదా, ఈసారి తొమ్మిది వేలే ఇవ్వగలను."

"నాను దాని అమ్మని బాబూ. దాని పేరేస్తావా? ముందు కాగితం మీద రాసిస్తావా?"

"పేరు నా చేతుల్లో లేదమ్మా. పైవాళ్ళు ఒప్పుకోరు. విడుదలనాటికి జీతాల పట్టీలో ఉన్నవాళ్ళవే వేస్తారు."

"కుక్కకి జీతమిస్తన్నారా?"

"దాని సంగతి వేరమ్మా. అది అక్కడి ఆఫీసుది."

"పేరెయ్యడానికి ఎంత కర్సవుతాది బాబూ? సెప్పు. సందా ఏసుకుని మేవే ఇస్తాం."

ఆయన నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఫోను కట్టేసి నా ఒళ్ళో పడేసింది. "ఎల్లకే. పస్తుందాం గాని ఆడికి సెయ్యకు" అని గంప నెత్తినెత్తుకుని ఊళ్ళోకి వెళ్ళింది. గంపలో ఎండు నెత్తళ్ళు అడుగునే ఉన్నాయి. నిషేధం ఇంకా ఇరవై రోజులుంది.

అమ్మ వీధి మలుపు తిరిగేదాకా చూశాను. తర్వాత రమేష్‌బాబు గారికి ఫోన్ చేసి, సోమవారం వస్తానన్నాను.