మా తమ్ముణ్ణి కదలనివ్వని ఊరు

మా తమ్ముడు రనేరియో నోరు విప్పితే కొండ కింద కోతలు కోసేవాళ్ళు కూడా కొడవళ్ళు వదిలేసి వచ్చేవారు. వాడు పెద్దగా చదువుకున్నవాడు కాదు. మా నాన్న బట్టలకు రంగులు వేసేవాడు. అయినా వాడు ఎదురుగా నిలబడితే పగవాళ్ళు కూడా ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చేవారు. ఏళ్ళ తరబడి వాడు ఊరూరా తిరిగి దేవుడి మాట చెప్పాడు. నేను వెంట ఉండి వండిపెట్టాను. భక్తితో జనం కత్తిరించుకుపోయిన అంగీ అంచులకు అతుకులు వేశాను.

మోంతెచెర్రో అనే కొండ ఊళ్ళో వాడికి జ్వరం పట్టుకుంది. దగ్గితే నెత్తురు పడింది.

"ఇక చాలక్కా. మన ఊరు పోదాం. నన్ను అమ్మ పక్కనే పాతిపెట్టు" అన్నాడు.

మా ఊరు లోయకు అవతలే. ఆ మాట ఎలా పొక్కిందో గాని, తెల్లారేసరికి మా గుమ్మం ముందు బల్లేలతో కాపలా ఉంది. ఊరిపెద్ద గ్వల్ఫ్రేదో టోపీ తీసి లోపలికి వచ్చాడు.

"స్వామివారి క్షేమం కోసమేనమ్మా."

"మీకు కావలసింది ఆయన క్షేమమా, శవమా?"

అతను తల దించుకున్నాడు. "రెండూనమ్మా. పక్క ఊళ్ళో ఒక పుణ్యాత్ముడి సమాధి ఉంది, యాత్రికులంతా అక్కడికే పోతారు. మాకేముంది, రాళ్ళు తప్ప."

"నాలో ఏమీ లేదయ్యా" అన్నాడు తమ్ముడు పడుకునే. "ఎప్పుడో అయిపోయింది. ఈమధ్య అలవాటు కొద్దీ మాట్లాడుతున్నాను, అంతే."

"ఎంత వినయం స్వామీ మీది" అంటూ గ్వల్ఫ్రేదో కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు వాణ్ణి గాడిద మీద కూర్చోబెట్టి బయలుదేరదీశాను. కాపలావాళ్ళు అడ్డుకోలేదు. ఊరి కోటగోడ వాకిలి దాకా వెళ్ళాక తెలిసింది ఎందుకో. ఊరు ఊరంతా దారిలో మోకరిల్లి ఉంది. పసిపిల్లల్ని నేలమీదే పడుకోబెట్టారు. గాడిద కాలు పెట్టే చోటు లేదు.

"లేవండర్రా, కాస్త దారి ఇవ్వండి" అని బతిమాలాను. ఒక్కరూ కదల్లేదు.

తమ్ముడు చాలాసేపు వాళ్ళనే చూశాడు. తర్వాత చెయ్యెత్తి దీవించాడు. ఒక్కసారిగా అందరూ ఏడ్చారు.

"వెనక్కి తిప్పక్కా. వీళ్ళతో నావల్ల కాదు" అన్నాడు.

ద్రాక్షకోతలు మొదలవకముందే పోయాడు. గుడి నేలలో పాతి, పైన ఇనుప కటకటాలు బిగించారు. నన్ను మా ఊరు పొమ్మన్నారు గాని, అక్కడ నాకెవరున్నారు? గుడి ఊడుస్తూ ఇక్కడే ఉండిపోయాను. స్వామి అక్క అని తెలిసి జ్వరం పిల్లల్ని నా దగ్గరికి తెస్తున్నారు. నాకేమీ రాదని మొదట్లో చెప్పి చూశాను. ఇప్పుడు చీపురు పక్కన పెట్టి, తలమీద చెయ్యి వేసి పంపేస్తున్నాను.