ఏడు మూతల మీద బొట్టు

నేను ఒక మందుల డబ్బాను. జానెడు పొడుగు, వరసగా ఏడు గదులు, వాటికి ముదురు నీలం రంగు మూతలు. వారంలో రోజుకో గది. నన్ను చూసినవాళ్ళు పిల్లలు ఆడుకునే వస్తువనుకుంటారు. నా పొట్టలో ఒక మనిషి ప్రాణం తీసేంత సరుకు పట్టిందని, రోజుకొకటి చొప్పున అది నా కళ్ళముందే ఆ మనిషి నోట్లోకి వెళ్ళిందని చెబితే నమ్మరు. వినండి.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. కరిగిన ప్లాస్టిక్కును అచ్చులోకి కొట్టే యంత్రం నిమిషానికి నలుగురం చొప్పున మమ్మల్ని బయటికి ఉమ్మేది. మూతల మీద రోజుల పేర్లు ఇంగ్లీషులో, అదీ మొదటి అక్షరం మాత్రమే. మంగళవారానికీ గురువారానికీ ఒకటే అక్షరం. శనివారానికీ ఆదివారానికీ ఒకటే. ఇంగ్లీషు రానివాళ్ళకు కూడా జబ్బులు వస్తాయన్న సంగతి నన్ను గీసిన ఇంజనీరుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అక్కడినుంచి ఒక మందుల దుకాణానికి చేరాను. ఆర్నెల్లయినా ఎవరూ కొనలేదు. యజమాని నాలో గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు దాచుకున్నాడు. ఒకరోజు సుగుణ సిస్టర్ వచ్చి, "మందులమ్మేటోడివి, మందుల డబ్బాల సూదులు పెట్టుకుంటవా?" అని అతన్ని మందలించి, నన్ను ఖాళీ చేయించి పట్టుకుపోయింది.

సుగుణ పెద్దాసుపత్రిలో కీళ్ళవాతం రోగులకు పాఠం చెప్పే నర్సు. డాక్టరు మూడు నిమిషాల్లో రాసిన చీటీని ఆమె అరగంట విప్పి చెబుతుంది. ఏ మందు ఎందుకు, కీళ్ళను ఎలా వాడుకోవాలి, ఎప్పుడు భయపడాలి, ఎప్పుడు భయపడక్కర్లేదు. ఆ ఏడాది ఎండాకాలంలో ఆమె ముందు జమున కూర్చుంది.

జమున రేగుంటలో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే దర్జీ. వయసు ముప్పై ఆరు. రెండేళ్ళుగా పొద్దున్నే వేళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోతున్నాయి. కత్తెర పట్టుకునేసరికి పదకొండవుతోంది. ఇంకో ఏడాది ఇలాగే సాగితే వేళ్ళు వంకర్లు పోయి అలాగే ఉండిపోతాయని డాక్టరు చెప్పాడు.

"జమునా, ఈ పసుప్పచ్చ గోలి నీ జబ్బును ఆపేది. కానీ ఇది వారానికి ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటే," అంది సుగుణ. "రోజూ వేసుకుంటే రక్తంల కణాలు పడిపోతయ్. ప్రాణం మీదికొస్తది. ఏ రోజు వేసుకుంటవ్?"

"మా ఊరి అంగడి బుధవారం సిస్టర్. ఆనాడైతే యాది మరువ."

సుగుణ సొరుగులోంచి గోళ్ళరంగు సీసా తీసి, బుధవారం మూత మీద ఎర్రటి చుక్క పెట్టింది. రోజూ వేసుకునే తెల్ల గోలీలు ఏడు గదుల్లోనూ పడాలి. పసుప్పచ్చది చుక్క ఉన్న గదిలోనే.

"ఇప్పుడు నువ్వు సిస్టర్‌వి, నేను జమునను. నాకు చెప్పు."

జమున వెంటనే గొంతు మార్చింది. "ఏందమ్మా, మందు మంచిగ ఏసుకుంటున్నవా, లేకుంటే ఫోన్ల జూసి ఆకుపసరు తాగుతున్నవా?" సుగుణ పగలబడి నవ్వింది. ఆ తర్వాత జమున ఒక్క ముక్క పొల్లుపోకుండా పాఠం అప్పజెప్పింది. వారానికొక్కటి. నోట్లో పుండ్లు పడినా, జ్వరమొచ్చినా, ఆయాసమొచ్చినా గోలీ ఆపి వెంటనే ఫోన్ చెయ్యాలి.

ఆ అరగంటా జమున భర్త రవీందర్ గేటు దగ్గర ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. సరుకులు మోసే డీసీఎం వ్యాను నడుపుతాడు. అతను లోపలికి రాలేదని నాకప్పుడు ఏ దిగులూ కలగలేదు.

ఇంట్లో నన్ను చూసి మూతి ముడిచింది జమున అత్త రాజవ్వ. "చేతులు గుంజితే నువ్వులనూనె రాసుకుంటే పోదా? గోలీలు మింగి కడుపు కాలబెట్టుకుంటవా బిడ్డా?" జమున మాత్రం సిస్టర్ చెప్పినట్టే నడిచింది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచేది. కత్తెర పిడికి మెత్తటి గుడ్డ చుట్టింది. అరగంటకోసారి ఫోన్లో గంట మోగగానే కుట్టు ఆపి వేళ్ళకు విశ్రాంతి ఇచ్చేది. ప్రతి ఆదివారం రవీందర్ రేకుల్లోంచి గోలీలు చిదిమి నాలో నింపేవాడు. రేకు చిదమడం ఆమె వేళ్ళకు అన్నిటికంటే కష్టం.

వానాకాలం చివరికి జమున ఎనిమిదింటికే కత్తెర పట్టింది. అది చూసి రాజవ్వ మర్నాటినుంచి కోడలి చేతులకు వేడినీళ్ళు తానే పెట్టసాగింది.

అంతా సవ్యంగా సాగుతుండగా దసరా వచ్చింది.

పండక్కి జాకెట్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. గంట మోగితే పని తెగడంలేదని జమున దాన్ని ఆపేసింది. వారం రోజులు ఒంచిన తల ఎత్తలేదు. శనివారం పండగపూట లేచేసరికి రెండు చేతులూ ఉబ్బి ఉన్నాయి. అయినా ఆయుధపూజ మానలేదు. మిషను, కత్తెర, ఇస్త్రీపెట్టె, భర్త వ్యాను, అన్నిటికీ తడి కుంకుమ బొట్లు పెట్టింది. చివర్లో ఆమె చూపు నా మీద పడింది.

"ఈ డబ్బా గూడ నా పనిముట్టే గదా అత్తమ్మా. ఇది లేకుంటే నా చెయ్యి ఆడకపోయేది."

నా మొదటి మూతకు బొట్టు పెట్టింది. ఒకదానికి పెట్టి తక్కినవాటిని వదలడం మంచిదికాదనుకుందేమో, వరసగా ఏడింటికీ పెట్టింది. బుధవారం మూత మీది గోళ్ళరంగు చుక్క కుంకుమ కింద దాక్కుంది. నా జన్మలో నాకు దక్కిన ఒకే ఒక్క గౌరవం అది.

ఆదివారం పొద్దున్నే రవీందర్‌కు నాగపూరు లోడు తగిలింది. శుక్రవారం గాని రాడు. గడపలో చెప్పులేసుకుంటూ, "అమ్మా, డబ్బాల గోలీలు నువ్వే ఎయ్యి. తెల్లవి అన్నిట్ల. పసుప్పచ్చది బొట్టు ఉన్నదాంట్ల," అన్నాడు.

"ఎరుకే పోరా. నాకేమన్న కండ్లు కనవడవా?"

రాజవ్వ నన్ను ఒళ్ళో పెట్టుకుంది. మొదటి మూత మీద బొట్టుంది, పసుప్పచ్చ గోలి వేసింది. రెండో దాని మీదా ఉంది, వేసింది. మూడు. నాలుగు. నాకు మూతలే గాని నోరు లేదు. ఏడో మూత టక్కున మూసి, తృప్తిగా నన్ను గూట్లో పెట్టింది. ఇన్నాళ్ళూ మందును తిట్టినావిడ, ఆ రోజు మొదటిసారి కోడలికి మందు వేయబోతోంది.

జమున వేళ్ళతో మూత తెరిచే స్థితిలో లేదు. చేతులకు వేడి గుడ్డ చుట్టుకుని పడుకుంది. "నోరు తెరువు," అని రాజవ్వ గోలీలను నేరుగా ఆమె నాలుక మీద వేసి, నీళ్ళ గ్లాసు పట్టింది. జమున వాటి వైపు చూడనైనా లేదు. ఆదివారం ఒకటి. సోమవారం రెండోది. మంగళవారం మూడోది.

బుధవారం నాకు ఆశ పుట్టింది. జమునే అడిగింది.

"ఇయ్యాల అంగడి గదా అత్తమ్మా. పసుపు గోలి ఏసినవా?"

"ఏసిన, ఏసిన. ఒక్కనాడన్న మరిచిన్నా?"

ఆ మాటలోనే అంతా ఉంది. జమున ఇంకొక్క ప్రశ్న అడిగితే చాలు. అడగలేదు. ముసలావిడ మురిపెం చూసి నవ్వి, కళ్ళు మూసుకుంది. నాలుగోది కడుపులోకి దిగింది.

గురువారం పొద్దున అయిదోది. మధ్యాహ్నం మజ్జిగన్నం తింటూ జమున నాలుక కొరుక్కున్నట్టు ఆగిపోయింది. "మండుతున్నది అత్తమ్మా." రాజవ్వ, "వేడి చేసిందే. పండుగకు కారం ఎక్కువ తింటివి," అని సబ్జా నీళ్ళు కలిపిచ్చింది. పొద్దుగూకేసరికి పెదవి లోపల తెల్లటి పుండ్లు లేచాయి.

శుక్రవారం పొద్దున జమునకు టీ గుటక దిగలేదు. ఉమ్మితే ఎరుపు. రాజవ్వ నా ఆరో మూత తెరిచి, గోలీలను అరచేతిలోకి వంచుకుని దగ్గరికొచ్చింది.

"నోరు తెరువు."

జమున నోరు తెరిచింది. గోలీలు పెదవిదాకా వచ్చాయి. అంతలో ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"ఆగు అత్తమ్మా. నోట్ల పుండ్లయితే గోలీ ఆపి ఫోన్ చెయ్యాలె. సిస్టర్ చెప్పింది." అప్పుడు జమున చూపు రాజవ్వ అరచేతి మీద పడింది. "ఇయ్యాల శుక్రారం. పసుపుది ఎందుకున్నది?"

"బొట్టున్నది గదనే!"

"డబ్బా తే. అన్ని మూతలు తియ్యి."

ఏడో గదిలో కూడా పసుప్పచ్చ గోలి ఉంది. పది గోలీల రేకులో మూడే మిగిలాయి. జమున నెత్తిన పిడుగు పడ్డట్టు కూర్చుంది. రెండు క్షణాలే. వాచిన వేలితోనే ఫోను నొక్కింది.

"సిస్టర్, నేను రేగుంట జమునను. వారం గోలి రోజూ ఏసుకున్న. తెల్వక."

"ఎన్ని?"

"అయిదు. నోరంత పుండ్లు."

సుగుణ గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "ఇంకొక్కటి గూడ వేసుకోకు. డబ్బా, రేకు పట్టుకొని ఇప్పుడే బయల్దేరు. వాకిట్ల బండి ఏది దొరికితే అది. డాక్టరుకు నేను చెప్త."

పక్కింటి ఆటోలో దారిపొడుగునా రాజవ్వ నన్ను పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆమె చెమటకు నా మీది కుంకుమ కరిగి చేతికంటుకుంది.

గేటు దగ్గరే సుగుణ చక్రాల కుర్చీతో నిలబడి ఉంది. విరుగుడు ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రోజూ పొద్దున రక్తం తీసేవారు. తెల్లకణాలు మొదటిరోజే తక్కువున్నాయి, రెండోరోజు ఇంకా పడ్డాయి. మూడోరోజు రక్తపరీక్ష చీటీ చూసి డాక్టరు జమునను ఒంటరి గదికి మార్పించాడు. నాలుగోరోజు జ్వరం వచ్చింది. ఒంట్లో సూక్ష్మజీవులతో పోరాడే బలం లేదని, రెండు రోజులు గడిస్తేగాని ఏమీ చెప్పలేనని అన్నాడు.

రాజవ్వ వసారాలో కూర్చుని కొంగుతో నా మూతలు తుడిచింది. ఆరు బొట్లు పోయాయి. ఒకటి పోలేదు. గోటితో గీకింది, అయినా పోలేదు. కొడుకు చెప్పిన బొట్టు ఏదో అప్పుడు ఆమెకు అర్థమైంది. నన్ను ఒళ్ళో పెట్టుకుని గోడకు తల ఆనించింది.

"ఎంత పని జేసినవే అమ్మా!" నాగపూరు నుంచి వచ్చినప్పటినుంచీ రవీందర్‌ది అదే మాట. ఆ రోజు గది తలుపు దగ్గరే గట్టిగా అన్నాడు. లోపల జమునకు వినపడింది. పుండ్లతో మాట పెగలదు. అయినా కూడదీసుకుని అంది.

"బొట్లు పెట్టింది నేను. ఆమెననకు."

"మీరిద్దరు గాదు," అంది సుగుణ. "మింగేటామెకు పాఠం చెప్పిన. డబ్బా నింపేది ఎవరని అడగలే. తప్పు నాది."

రాజవ్వ తలెత్తకుండానే, "ఎవలదైతేంది సిస్టరమ్మా. నోట్లేసింది ఈ చెయ్యే గదా," అంది.

ఆరోరోజు జ్వరం దిగింది. ఏడోరోజు చీటీలో అంకె పెరిగింది, కొంచెమే. ఎనిమిదోరోజు ఇంకొంచెం. సుగుణ ఆ చీటీని రాజవ్వకు చదివి వినిపిస్తే, ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివించుకుంది. పదకొండో రోజున జమున తన కాళ్ళతో నడిచి గేటు దాటింది.

రెండు నెలలకు డాక్టరు ఆ పసుప్పచ్చ గోలీనే మళ్ళీ మొదలుపెడదామన్నాడు. "మళ్ళ అదేనా?" అని రాజవ్వ లేచి నిలబడింది. జమున ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "అది మానేస్తే నా చేతులు ముడుసుకపోతయ్ అత్తమ్మా. మందు మంచిదే. ఈసారి పాఠం నువ్వు గూడ విను." రాజవ్వ విన్నది. వినడమే కాదు, సుగుణను కూర్చోబెట్టి పాఠం మొత్తం తిరిగి అప్పజెప్పింది. రవీందర్ చేత కూడా చెప్పించింది. వారం గోలీ ఇక ఏడు గదుల డబ్బాలో ఉండకూడదని, దానికి వేరే చిన్న స్టీలు డబ్బా కావాలని పట్టుబట్టింది కూడా ఆవిడే.

అలా నాకు ఆ ఇంట్లో పని లేకుండా పోయింది. ఇప్పుడు సుగుణ బల్లమీద ఉంటున్నాను. కొత్త రోగి ఎవరొచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే: "ఇంట్ల డబ్బా నింపేదెవరు?" ఆ మనిషిని పిలిపించి, నన్ను వాళ్ళ చేతిలో పెట్టి, తన ముందే నింపమంటుంది. మధ్యలో ఒక్కమాట సాయం చెయ్యదు. మూత తెరుచుకుంటున్న చప్పుడు వింటేనే ఆ ఆదివారం గుర్తొస్తుంది.

నిన్న ఒక రిటైరైన కండక్టరు వచ్చాడు. జబ్బు ఆయన భార్యకు. మోకాళ్ళు, మణికట్లు వాచి, కుర్చీ అంచున కూర్చుంది.

"నలభయ్యేండ్లు కిక్కిరిసిన బస్సుల టికెట్లు కొట్టినోన్ని. ఏడు గదులు నింపలేనా సిస్టరమ్మా?"

"నింపుండ్రి సార్. చూస్త."

తెల్లవి చకచకా వేశాడు. పసుప్పచ్చ రేకు చిదిమాడు. మొదటి గదిలో పడింది. ఇంకోటి చిదిమాడు. రెండో గదిలో పడింది. సుగుణ కదల్లేదు. భార్య ఆయన చేతివైపే చూస్తోంది. మూడో గోలి వేళ్ళమధ్య పట్టుకుని, మూడో మూత తెరిచాడు. చెయ్యి గాల్లో ఆగింది.

"సిస్టరమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి. "ఇది దినాం వేసేదా? వారానికా? నాకు తెల్వదు."

సుగుణ కుర్చీ ముందుకు లాక్కుంది. "మొదటినుంచి చెప్త, కూసోండ్రి," అంది. ఆయన భార్య వాచిన వేళ్ళతో నా రెండు గదుల్లోంచి పసుప్పచ్చ గోలీలను ఒక్కొక్కటే ఏరి బయటపెట్టింది.