బండి మీద ఓ చుట్టు

అంట్లు తోముతుంటే అత్తగారు వంటింట్లోకి తొంగిచూసింది. "సెలవులకొచ్చి కూడా ఈ పనేనా? పిల్ల నా దగ్గరుంటుంది, అలా ఇద్దరూ బండి మీద ఓ చుట్టు తిరిగి రండి," అంది. మిగతావి తను కడుగుతానని మాత్రం అనలేదు. కోడలు ఆఖరి గిన్నె బోర్లించాకే చేతులు తుడుచుకుంది.

మధ్యాహ్నం నుంచీ తాగుతున్న భర్త తాళాలు ఆమె మీదికి విసిరాడు. "నువ్వే నడుపు. నాకు తల తిరుగుతోంది."

సరస్సు పక్క రోడ్డు ఖాళీగా ఉంది. పెళ్ళికి ముందు తమ్ముడి బండి దొంగచాటుగా తీసి నేర్చుకున్న విద్య చేతులకింకా గుర్తుంది. గేరు మార్చింది. గాలి మొహాన కొట్టింది. ఎన్నేళ్ళకో పెద్దగా నవ్వొచ్చింది.

హెల్మెట్ మీద వెనకనుంచి పిడికిలి పడింది. "ఎవర్ని చూసే ఆ నవ్వు?"

"ఎవరున్నారండీ ఇక్కడ!"

రెండోది డొక్కలో పడింది, పోయినవారం మెట్లమీద జారానని ఆఫీసులో చెప్పుకున్న చోటే. ఆమె పళ్ళు బిగబట్టింది. వాడికి కోపం ముక్కుమీద ఉంటుంది గానీ మనసు వెన్న అంటుంది అత్తగారు. మగాడన్నాక ఎప్పుడో చెయ్యి జారుతుంది, నువ్వే సర్దుకోవాలి అంటుంది కన్నతల్లి. జారే చెయ్యి ప్రతిసారీ బట్టలు కప్పే చోటే ఎందుకు పడుతుందో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.

అతను జడ పట్టుకుని గుంజాడు. బండి ఊగిపోయి కంకరలో పడింది. ఆమె మోచేయి తోలు లేచిపోయింది. హెల్మెట్ తీసి లేవబోతుంటే, "చంపుదామనుకున్నావా?" అంటూ పొట్టలో తన్నాడు. మళ్ళీ కాలెత్తాడు.

ఆమె హెల్మెట్‌తో మొహం మీద కొట్టింది. ముక్కెముక పటుక్కుమంది. ఇంకోటి కొట్టింది. అతను కూలబడి, "వద్దే, వద్దే" అన్నాడు. ఆ మాట ఇన్నాళ్ళూ తన గొంతులోనే విన్నదామె. ఎత్తిన చెయ్యి దించింది. బండి లేపింది.

"నన్నెక్కించుకోవే!"

"నడిచి రండి. మత్తు దిగుతుంది."

గేటు దగ్గర అత్తగారు ఎదురొచ్చింది. "ఆ రక్తమేంటి? వాడేడే?"

"వస్తున్నాడత్తయ్యా."

లోపలికెళ్ళి మొహం కడుక్కుందామనే అనుకుంది. అతనొచ్చాక ఏం చెప్పి చల్లార్చాలో కూడా ఆలోచిస్తోంది. ఇంతలో కూతురు పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నన్నూ తిప్పవా?"

మొహాన పడ్డ జుట్టు సవరిద్దామని ఆమె చెయ్యెత్తింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు ముడుచుకుని, దెబ్బ కోసం ఆగింది.

ఆ పిల్లని ఆమె ఏనాడూ కొట్టలేదు.

"ఎక్కు," అంది.

"ఎక్కడికే, వాడు రాకుండా?" అత్తగారు హ్యాండిల్ పట్టుకుంది.

"పోలీసుల దగ్గరికి. ఆయన కొట్టిందీ చెప్పాలి, నేను కొట్టిందీ చెప్పాలి. చెయ్యి తియ్యండి అత్తయ్యా."