సీనాయిని తాకని దారం

నేను ఒక గుడ్డ పటాన్ని. "రేపటినుంచి స్త్రీల సమాజానికి నిర్గమకాండం పాఠాలు మీ కోడలు హెప్సిబా చెబుతుందండీ" అని పాస్టరుగారు గుమ్మంలోంచే శుభవార్త చెప్పినప్పుడు, రేపల్లెలో దీవెనమ్మగారి ముందుగది గోడకు వేలాడుతున్నాను. పెళ్ళయి నెల తిరగని ఆ పిల్ల చేతిలో కాఫీ గ్లాసులు గలగలలాడాయి. ఆ చప్పుడు నాకెంత నచ్చిందో! దీవెనమ్మగారు మాత్రం నా వంక చూశారు. ఇన్నేళ్ళూ ఆ పాఠాలు చెప్పింది ఆవిడే.

నేను చీరాలలో నేసిన ముతక గుడ్డని. సైన్‌బోర్డులు రాసే ఒకాయన నా మీద ఇశ్రాయేలీయులు బానిసలుగా బతికిన ఐగుప్తు, దాటిన ఎడారి, చేరిన కనాను దేశం వేశాడు. ఎర్ర సముద్రానికి ఎర్ర రంగే పూశాడు, ఎవరూ దిద్దలేదు. ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఒక బైబిల్ స్త్రీ నన్ను చుట్టి చంకలో పెట్టుకుని బస్సులెక్కింది. కండక్టర్లు నన్ను చాపనుకునేవారు. ఇశ్రాయేలీయులు ఏళ్ళ తరబడి నడిచిన ఎడారిని మనుషులు నా మీద వేలితో టీ చల్లారేలోపు దాటేస్తారు. ఆ బైబిల్ స్త్రీ వయసు మీదపడి నన్ను దీవెనమ్మగారికి ఇచ్చింది. ఈవిడ నా మీద ఎర్రదారంతో దారి కుట్టారు. సముద్రం దాటిన ఆ దారం సీనాయి కొండను తాకకుండా నేరుగా కనాను చేరుతుంది.

ఆ మధ్యాహ్నం హెప్సిబా నన్ను బల్లమీద పరిచింది. కుట్టును వేలితో తడిమి, ఎంత ముద్దుగా ఉందో అని నవ్వుకుంది. కొండ దగ్గర వేలు ఆగింది. చిన్న కత్తెర తీసి ఒక కుట్టు తెంపింది.

"ఏం చేస్తన్నావే?" వెనకనుంచి దీవెనమ్మగారి గొంతు.

కత్తెర నా ఎడారిలో పడింది.

"దారి కొండ మీదుగా పోవాలి గదా, అత్తమ్మా. దేవుడు ఆజ్ఞలిచ్చి నిబంధన చేసింది అక్కడే."

"తెలీక వదిలేశాననుకున్నావా? మన ఆడాళ్ళకి పుట్టినకాణ్ణించీ ఆజ్ఞలే. అయ్య ఆజ్ఞ, మొగుడి ఆజ్ఞ, ఆసామి ఆజ్ఞ. వారానికో గంట విడుదల మాట వింటానికొస్తే, అక్కడ గూడా ఆజ్ఞల రాతిపలకలు నెత్తిన పెట్టమంటావా? క్రీస్తు కృప వచ్చాక ఆ కొండతో మనకేం పని? ఇదే చెప్పేటట్టయితే ఇప్పుడే పోయి పాస్టరుగారికి వద్దని చెప్పొస్తా."

ఆవిడ చెప్పులు వేసుకున్నారు. నా పోగులన్నీ బిగుసుకున్నాయి.

హెప్సిబా నా కొండ మీద వేలు పెట్టింది. "దేవుడు ముందు విడిపించాడు, అత్తమ్మా. ఆ తరవాతే ఆజ్ఞలిచ్చాడు. ఇవి పాటిస్తేనే సముద్రం చీలుస్తానని అన్లేదు. ఆ కృపే సిలువ దగ్గర మనకి పూర్తిగా కనపడింది. పైగా వారానికో రోజు దాసీని గూడా పని మానమన్నాడు. ఏ ఆసామి ఇచ్చాడు అట్టాంటి ఆజ్ఞ? మన ఆడాళ్ళకి ఆ మాట చెప్పొద్దా?"

దాసీని పని మానమన్న ఆ వాక్యం దీవెనమ్మగారికి కంఠతా వచ్చు. అయినా మొదటిసారి విన్నట్టు గుమ్మంలో నిలబడిపోయారు. తరవాత చెప్పులు విడిచి వచ్చి, తెగిన కుట్టును బొటనవేలితో నొక్కారు.

"ఇంక తెంపబాక. రేపు సమాజంలో ముందు వరసలో కూర్చుని నిన్ను ఇదే అడుగుతా. అత్తనని తడబడ్డావో, పాఠాలు మళ్ళీ నావే. నిలబడి చెప్పావంటే, సూదీ దారం తెచ్చుకుంటాగా, కొండ దాకా అందరి ముందూ నేనే కుడతా."